మూడు ఊళ్ళ పువ్వు

మొన్న ఫోన్‌లో ఒక ముక్క చదివి మంచం మీద లేచి కూర్చున్నాను. విదేశాల్లో ఐరిస్ పూలకు బహుమతులిస్తారట. ఒకచోట అందంగా పూస్తే చాలదట. చలిసీమలోనూ ఎండసీమలోనూ బాగా పెరిగిందని ఏ ప్రాంతానికి ఆ ప్రాంతపు న్యాయనిర్ణేతలు ఒప్పుకోవాలట. అది నేను గుంతకల్లులో ఏనాడో పెట్టిన చట్టం! వాళ్ళది పూల మీద ప్రేమ కావచ్చు, నాది మాత్రం అచ్చమైన పగ.

పగ మా పెదనాయన మీద. రైలు గార్డు, మా కాలనీ పూలపోటీకి పెద్ద. ఊటీ నుంచి అల్లం కొమ్ములాంటి ఐరిస్ దుంప తెచ్చి, ఎండాకాలం కుండీ చుట్టూ మంచుగడ్డలు పేర్చేవాడు. దానికి స్వెటర్ కూడా తొడిగాడని నేను పదిమందికి చెప్పాను. మంచుగడ్డలు మాత్రం నిజం. ఏటా ఆ ఊదాపువ్వుకే కప్పు. ఒక ఏడు కుందుర్పి నుంచి మా మేనత్త, ఆయన సొంత చెల్లెలే, బిళ్ళగన్నేరు కుండీని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చింది. పెదనాయన దాన్ని బల్ల మీద నుంచి తీయించి, "సమాధుల కాడ పూసేదాన్ని ఈడికి తెచ్చినావేమ్మే?" అన్నాడు. మామ పోయి అప్పటికి ఏడాది కాలేదు. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

మరుసటి ఏడాదికి నేను కమిటీలో దూరి కొత్త చట్టం పెట్టించాను. ప్రతివాళ్ళూ రెండు పిల్లమొక్కలివ్వాలి. ఒకటి నీళ్ళకు కొదవలేని శింగనమల చెరువు కింద, ఒకటి వానే ఎరగని కుందుర్పిలో పెరగాలి. గుంతకల్లుతో కలిపి మూడుచోట్లా పూస్తేనే కప్పు. "నాది యాడైనా పూస్తాదప్పా" అని పెదనాయనే ముందు సంతకం పెట్టాడు. కుందుర్పిలో పెంచేది ఎవరని అడగనేలేదు. పెంచేది అత్త.

"సుక్క నీళ్ళు పోయొద్దత్తా. ఎండబెట్టి సంపు" అన్నాను.

"పాపంరా."

"ఆయప్ప నిన్ను ఆ మాట అనేటప్పుడు పాపం యాడికి పోయింది?"

అత్త కుండీని మిద్దె మీద ఎండలో పెట్టింది.

పోటీ రోజుకు శింగనమల ఐరిస్ కుళ్ళిపోయింది. కప్పు పోతుందేమోనని పెదనాయన అక్కడ మనిషిని పెట్టి పూటపూటా నీళ్ళు గుమ్మరింపించిన దుంప, పట్టుకుంటే గంజిలా జారింది. అత్త మాత్రం నిండుగా పూసిన ఐరిస్‌తో బస్సు దిగింది! ఆ దుంపకు ఎండ మేలనీ, నీళ్ళే విషమనీ మాకేం తెలుసు? దాన్ని తెచ్చి అన్న ముందు పెట్టి, "నువ్వు సాకి సంపినావు. నేను సంపుదామంటే ఇదిట్ల పూసిందన్నా" అంది. పెదనాయన ఆ పువ్వు వంక చూడలేకపోయాడు. నేను ఆయనకు వినబడేలా చప్పట్లు కొట్టాను.

మూడుచోట్లా పూసింది అత్త బిళ్ళగన్నేరొక్కటే. కప్పు చేతికి రాగానే అత్త అన్నను క్షమించేసింది, నన్నడగకుండానే. ఆయనా పోయి ఏళ్ళయింది. కాలం పగలన్నీ ఆర్పుతుందంటారు గానీ, మా ఇంటి దారి దానికింకా తెలిసినట్టు లేదు.