బావ వంచిన కొసలు

ఏ వస్తువైనా తిన్నగా కనిపిస్తే బావకి తోచదు. దాన్ని చుట్టాలి. చుట్టి వదిలి, ఎంత దూరం విచ్చుకుందో చూడాలి. చాప, బెల్టు, గోడమీది క్యాలెండరు, ఆ ఇంట్లో ఏదీ తప్పించుకోలేదు.

బావ ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు. పొడవాటి రేకుని చుట్ట చుట్టాక దానిలో మిగిలిపోయే ఒత్తిళ్లని కంప్యూటర్లో లెక్కగట్టడం ఆయన పని. అదే ఫ్యాక్టరీలో చుట్టలకు బిగించిన ఇనప పట్టీలు కోసేవాడు బావమరిది. ఒకసారి పట్టీ తెగగానే రేకు కొస ఎగిరి అతని భుజం విరగ్గొట్టింది. అక్కా వాళ్లింట్లో ఉండి కోలుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ, కత్తెర తలుచుకుంటే చాలు, చెయ్యి వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు. సోమవారం ఫోర్‌మన్ ముందు పట్టీ కోసి చూపించాలి. లేకపోతే గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీయే గతి. ఆ కుర్చీ తలుచుకుంటే అతనికి అన్నం సయించడం లేదు.

"ఏంటి బావా, నా ఎక్స్‌రే కూడానా?"

"భుజం అతుక్కుందిగా, ఇంక దీంతో నీకేం పని?"

బావ ఫిల్ముని గొట్టంలా చుట్టి వదిలాడు. అది టపీమని విచ్చుకుని బల్లమీది గ్లాసుని తన్నింది.

"చూశావా! బయటివైపు సాగింది, లోపలివైపు నలిగింది. పట్టుకున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. కోపమంతా లోపలే."

"నాకు మల్లే," అంది అక్క వంటింట్లోంచి, గ్లాసు చప్పుడు విని.

తర్వాత బావకి కొత్త ఆలోచన వచ్చింది. చుట్టే ముందే కొసని గట్టిగా వంచడం. ఇక ఇంట్లో అన్నిటికీ కొసలు పైకి లేచాయి. పలకరించడానికి వచ్చిన పక్కింటాయన చాప అంచు తన్నుకుని, నేరుగా వెళ్లి సోఫాలో పడ్డాడు.

"కూర్చోమని ఇంకా అననే లేదు కదండీ," అంది అక్క.

"బావా, నీకేమైనా పిచ్చా?"

"కొసని ముందే ఎక్కువ వంచితే, విప్పినా అది వంగే ఉంటుంది. ఎగరదు."

"చాప ఎగరకపోతే ఎవడికి లాభం?"

బావ వినిపించుకోలేదు. బెల్టు కొస వంచుతున్నాడు.

సోమవారం వచ్చింది. చుట్ట ముందు నిలబడి బావమరిది కత్తెర ఎత్తాడు. చెయ్యి వణకడం మొదలుపెట్టింది. అప్పుడే బావ వచ్చి, పోయినసారి కొస ఎగిరిన వైపే నిలబడ్డాడు.

"జరుగు బావా! తగులుతుంది!"

"తగలదు. కొయ్యి."

కోశాడు. పట్టీ ఖణేల్మని పడింది. రేకు కొస బెత్తెడు లేచింది. నిద్రలో ఒత్తిగిలినట్టు కదిలి, అక్కడే ఆగిపోయింది.

ఫోర్‌మన్ నవ్వాడు. "చివరి చుట్టు రోలరుతో వంచమని మీ బావగారు మా ప్రాణాలు తోడేశారయ్యా. కంచె అవతల నిలబడి ఎన్ని చుట్టలు విప్పించారో! నువ్వు డ్యూటీకి వచ్చేలోగా అయిపోవాలట."

"అదేం లేదు," అన్నాడు బావ, పైకప్పు వైపు చూస్తూ. "లెక్క సరిచూసుకోవాలిగా."

రెండో చుట్ట వచ్చింది. చెయ్యి ఇంకా కాస్త వణికింది. అయినా కత్తెర పట్టీమీదే పడింది.

"నా చెయ్యి సంగతి నీకెలా తెలుసు బావా?" అన్నాడు బావమరిది, ఇంటికి నడుస్తూ.

"మంచినీళ్లు తాగుతావుగా. గ్లాసు చెప్పింది."

గుమ్మం దాటగానే బావమరిది చాప అంచు తన్నుకుని సోఫాలో పడ్డాడు.

"ఒరేయ్, ముందు ఆ అంచు తిన్నగా చేసి చావు," అంది అక్క.

అతను లేచి, వంగి అంచు పట్టుకున్నాడు. ఇంకొంచెం వంచి వదిలాడు.