కొక్కెం కూతురి పేరు

కబేళాలో అతన్ని అందరూ కొక్కెం అనేవాళ్ళు. కోసిన పశువును ఒక్కడే భుజం మీదికెత్తి, ఒక్క ఊపులో పైనున్న కొక్కేనికి తగిలించేవాడు. మిగతావాళ్ళైతే ఆ పనికి ఇద్దరు కావాలి. తర్వాత అతని చేతికి కత్తి ఇచ్చారు కానీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మాట తక్కువ, చెయ్యి ముందు. ఒకసారి బట్టలు మార్చుకునే గదిలో ఎవడో అతని తల్లి గురించి నోరు జారితే వాడి పళ్ళు రెండు రాలగొట్టాడు. వాటిని తనే ఏరి, నీ సొత్తు నీ దగ్గరే ఉంచుకోమని వాడి జేబులో వేశాడు. పక్క బల్ల నాదే కాబట్టి ఇదంతా దగ్గరుండి చూశాను.

మేం ఏటి అవతలి నుంచి వచ్చినవాళ్ళం. కబేళా గేటు దగ్గర మాకు కార్డులిస్తారు. మా పేర్లు వాళ్ళ నాలుకకు బరువని, ప్రతి పేరుకూ ఒక ఇంగ్లీషు రూపం వెతికి కార్డు మీద వేస్తారు. కొక్కెం తల్లి కూడా ఇక్కడే పనిచేసేది, పేరు యొహానా. ఆమె కార్డు మీద జేన్ అని వేశారు. పేగులు కడిగి అలిసిపోయి వచ్చే మనిషి కార్డు మీది పేరు ఇంట్లో ఎందుకు చెబుతుంది? చెప్పలేదు.

అతనికి పదేళ్ళప్పుడు కొవ్వు కరిగించే గదిలో బాయిలర్ పేలింది. గేటు ముందు జనం మూగారు. కాపలావాడు మెట్టెక్కి పోయినవాళ్ళ జాబితా చదివాడు. అందులో జేన్ ఉంది, యొహానా లేదు. పిల్లవాడు ఊపిరి పీల్చుకుని ఇంటికి పరుగెత్తి, అమ్మ వచ్చేసరికి వేడిగా ఉండాలని పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు. ఇగిరిపోతే మళ్ళీ పోశాడు. పక్కింటావిడ వచ్చి విషయం చెప్పేసరికి అది మూడో గిన్నె.

అలాంటివాడికి కూతురు పుట్టింది. ఏం పేరు పెడతావని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. కానీ అతని భార్య ఒప్పుకోలేదు.

ఆమె భయం ఉత్తి భయం కాదు. రెండేళ్ళ కిందట మావాళ్ళ మీద జరిగిన అల్లర్లలో, ఇనుప కమ్మీలు పట్టుకున్న గుంపు ఒకటి వంతెన మీద వచ్చేపోయేవాళ్ళను ఆపి పేర్లు అడిగింది. ఆమె ముందున్న ముసలాయన తన అసలు పేరే చెప్పాడు. ఆయన పుర్రె పగిలిన చప్పుడు ఆమె విన్నది. ఆమె మాత్రం ఒక ఇంగ్లీషు పేరు చెప్పి బయటపడింది. జోళ్ళకు అంటిన నెత్తురు కడగడానికి రెండు బకెట్లు పట్టాయట. అందుకే పిల్లకు జేన్ అని పెడదామంది. ఆ పేరు వింటేనే అతను గోడను గుద్దేవాడు. వాళ్ళ వంటగది గోడకు పిడికిలంత గుంట నేను చూశాను. ఇద్దరి మధ్యా పిల్ల నలభై రోజుల పాటు బుజ్జిదిగానే ఉండిపోయింది.

నలభై రెండో రోజు దాటితే పేర్ల ఆఫీసు తన జాబితాలోంచి ఏదో ఒకటి రాసేస్తుంది. తల్లో తండ్రో ఎవరో ఒకరు ఆలోగా వెళ్ళి సంతకం పెట్టాలి.

మా మేస్త్రీ కొక్కెం భార్యకు అన్న. తండ్రి పోయాక చెల్లెల్ని పెంచింది ఆయనే. పన్నెండేళ్ళు పేగుల గోతిలో పనిచేసి, ఇంటా బయటా ఇంగ్లీషు పేరుకు మారిన మరుసటి నెలే పైకొచ్చాడు. ఆ నిచ్చెన తప్ప ఆయనకు వేరే దారి తెలియదు. మేనకోడలు కూడా దాన్నే ఎక్కాలని గట్టి పట్టుదల.

కత్తులు ఆడే గదిలో మాకొక కట్టుబాటుంది. పనిలో ఉన్నవాడి వెనక్కి వచ్చేవాడు ముందు బల్ల మీద రెండుసార్లు తట్టాలి. యంత్రాల హోరులో మాట వినబడదు, బల్ల అదురు మాత్రం అరచేతికి తెలుస్తుంది. మేనేజరైనా తట్టాల్సిందే; తట్టకుండా వచ్చి కత్తి తగిలితే తప్పు వచ్చినవాడిదే. నలభై రెండో రోజు పొద్దున మేస్త్రీ తట్టలేదు. జేన్ అని తనే రాసి సంతకానికి తెచ్చిన కాగితం ఒక చేత్తో ఊపుతూ, రెండో చేత్తో కొక్కెం భుజం పట్టి లాగాడు. అప్పుడు కొక్కెం డొక్క నుంచి ఎముకను విడదీస్తున్నాడు. ఉలిక్కిపడి కత్తితో సహా తిరిగాడు. మేస్త్రీ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా తెరుచుకుంది.

ఆ కాగితం నెత్తురులో పడింది. మేస్త్రీ మనుషులు ఆరుగురు కొక్కేన్ని కింద పడేసి, కత్తులు నూరే కడ్డీలతో కొట్టారు. పక్కటెముక విరిగిన చప్పుడు యంత్రాల హోరులోనూ వినబడింది. మేనేజరు వచ్చి, మేస్త్రీ తట్టాడా లేదా అని వరసలో అందరినీ అడిగాడు. మా కళ్ళు మాంసం మీదున్నాయని ఒక్కొక్కరే చెప్పారు. నేనూ అదే చెప్పాను.

కొక్కేన్ని కట్లు కట్టే గదికి మోసుకెళ్ళిన ఇద్దరిలో నేనొకణ్ణి. మేస్త్రీ అప్పటికే కుట్లు వేయించుకుని కూర్చున్నాడు. చెల్లెలికి కబురు పంపింది ఆయనే. ఆమె పిల్లను ఎత్తుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పోలీసులు దారిలో ఉన్నారు చెల్లీ. నేను తట్టలేదని చెప్తే నీ మొగుడు సాయంత్రానికి ఇంటికొస్తాడు. తట్టానని చెప్తే ఏడాదో రెండేళ్ళో లోపలుంటాడు. నువ్వెళ్ళి జేన్ అని రాయించుకురా, నేను తట్టలేదనే చెప్తా."

"ఇంతకీ తట్టావా లేదా?"

"అదిప్పుడెందుకు?"

ఆమె భర్త వైపు తిరిగింది. అతని కన్ను ఒకటి పూర్తిగా మూసుకుపోయింది. నోట్లోని నెత్తురు పక్కకు ఉమ్మాడు.

"నీ ఇష్టమే. వంతెన మీదున్నది నువ్వు, నేను కాదు. జేన్ అని రాసినా కిక్కురుమనను."

ఆ మనిషి ఒకరి మాటకు తలవంచడం నేను చూడటం అదే మొదలు. పిల్ల ఏడుపు మొదలుపెడితే ఆమె భుజం మార్చుకుంది. అన్న వైపు తిరిగింది.

"అన్నా, ఆ రోజు వంతెన మీద వాడు కూడా నీలాగే నెమ్మదిగానే మాట్లాడాడు. పేరొక్కటి మార్చి చెప్పమ్మా, పోనిస్తాం అన్నాడు."

"నేనూ వాళ్ళూ ఒకటేనా? చంకనేసుకుని పెంచానే నిన్ను."

"పెంచావు. కాబట్టే ఇంతసేపు విన్నా."

ఆమె భర్త మంచం దగ్గరకు వచ్చి వంగింది. "యొహానా అనే రాయిస్తా. ఎన్నాళ్ళేస్తే అన్నాళ్ళు. ఉండగలవా?"

"ఉంటా" అన్నాడు కొక్కెం.

మేస్త్రీ మంచి చేత్తో పక్కనున్న మందుల పళ్ళెం ఎత్తి గోడకేసి కొట్టాడు. సీసాలు పగిలాయి, ఒక గాజు ముక్క ఎగిరి ఆమె చెంప మీద గీసుకుంది. ఆమె దాన్ని తుడుచుకోకుండానే వెళ్ళిపోయింది. వాకిట్లోకి పోలీసు బండి వస్తూంటే దాని పక్కనుంచే నడిచిపోయింది.

పేర్ల ఆఫీసులో జరిగింది తర్వాత ఆమే చెప్పింది. కిటికీ మూయడానికి పావుగంట ఉందట. గుమాస్తా ఆమె చెంప చూశాడు, పేరు చూశాడు, జేన్ అంటే పిల్ల సుఖపడుతుంది కదమ్మా అన్నాడు. సుఖం సంగతి నేను చూసుకుంటా, మీరు రాయండి అందట. వెనక నిలబడ్డవాడు ఏదో గొణిగాడు. ఈమె తిరిగి చూసేసరికి వాడు తన జోళ్ళు చూసుకోవడం మొదలుపెట్టాడు.

మేస్త్రీ కోర్టులో తట్టానని ప్రమాణం చేశాడు. కొక్కేనికి పద్నాలుగు నెలల శిక్ష పడింది. జైల్లో ఎవడితోనో తగువై కొక్కెం ఒక చెవి సగం పోగొట్టుకున్నాడు, అవతలివాడు ఒక కన్ను. విడుదలై వచ్చాక అతనికి కత్తి ఇవ్వలేదు, పేగుల గోతిలోకి దింపారు. మేస్త్రీ వేళ్ళు రెండు ఇప్పటికీ ముడవవు. వాళ్ళిద్దరూ రోజూ ఒకే గేటు దాటుతారు, పలకరించుకోరు.

విడుదలైన రోజు నేనూ ఆ ఇంటికి వెళ్ళాను. పిల్ల అప్పటికి నడుస్తోంది. సగం చెవితో, గీరని గడ్డంతో గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి మంచం కిందికి దూరింది. కొక్కెం వంగి చెయ్యి చాపాడు. అది అతని చూపుడు వేలిని పట్టుకుని కొరికేసింది. కొత్త పళ్ళు, బాగానే దిగాయి. నెత్తురు మణికట్టు దాకా కారింది. తల్లి పరుగెత్తుకొచ్చింది కానీ అతను ఆగమని తల ఊపాడు, వేలు వెనక్కి లాక్కోలేదు.

"యొహానా, వదులు" అన్నాడు.

రెండోసారి పిలిచాక వదిలింది.