మూత పెట్టని బావ

బావకు మూత పెట్టడం రాదు. ఈత వచ్చు, ఈల వచ్చు, నిచ్చెన చివర ఒంటికాలిమీద నిలబడి బల్బు మార్చడం వచ్చు. తెరిచిన దాన్ని మూయడం మాత్రం రాదు. ఆయన వాడిన పెన్నులన్నీ టోపీల్లేకుండా ఎండిపోయి చనిపోయినవే. టూత్‌పేస్టు గొట్టం రోజంతా నోరు తెరుచుకుని అద్దంలో తన మొహం తనే చూసుకునేది. జామ్ సీసా మీద మూత ఊరికే బోర్లించి ఉండేది. అది బిగించి ఉందని నమ్మి మూత పట్టుకుని ఎత్తిన చుట్టాల పాదాలకు జామ్ అభిషేకం జరిగేది. ఆఖరికి మాటలు కూడా అంతే. "నేననేది ఏంటంటే..." అని మొదలుపెట్టి, కిటికీలోంచి ఏదో చూసి, ఆ వాక్యాన్ని అలాగే తెరిచిపెట్టి లేచిపోయేవాడు. ముప్పై ఏళ్ల కిందటి వాక్యాలు ఇంట్లో ఇంకా గాలికి టపటపా కొట్టుకుంటున్నాయని అక్క అనేది.

అలాంటి మనిషికి దొరికిన బావమరిది ఎవరయ్యా అంటే, మూతల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

సీసా మూతలు బిగుతుగా ఉన్నాయో లేవో చూడటమే ముప్పై నాలుగేళ్లుగా అతని ఉద్యోగం. అతను తిప్పిన మూత మళ్లీ తియ్యాలంటే ఇద్దరు పట్టుకోవాలి, మూడోవాడు పక్కన నిలబడి ధైర్యం చెప్పాలి. నిద్రలో కూడా అతని కుడిచెయ్యి కుడివైపుకే తిరిగేది. బావ ఇంటికి వచ్చాడంటే చాలు, చెప్పులు విప్పకముందే ఇల్లంతా కలియదిరిగి అన్నింటికీ మూతలు పెట్టి, అప్పుడుగాని మంచినీళ్లు అడిగేవాడు కాదు.

నలభై ఏళ్లు నాటకాలకు లైట్లు వేసి రిటైరయ్యాక బావ ఒక పాత క్యాంపర్ వ్యాను కొన్నాడు. లోపలే మంచం, పొయ్యి, సింకు. దాని గొప్పంతా పైకప్పులో ఉంది. పట్టీలు విప్పి తోస్తే అది మనిషంత ఎత్తు పైకి లేస్తుంది, చుట్టూ గుడ్డ గోడలు పరుచుకుంటాయి, మీద ఇంకో మనిషి పడుకోవచ్చు. బావమరిది ఆ బండిని మొదటిసారి చూసినప్పుడు అతని గుండె జారింది. ప్రపంచంలోని మూతలన్నీ చాలనట్టు, బావ చక్రాలున్న మూతను ఒకదాన్ని కొనుక్కొచ్చాడు!

ఏటా పదిహేను రోజులు అక్కా బావా చెరువు పక్కన ఇలాంటి బళ్లు నిలుపుకునే మకాంకు వెళ్లేవాళ్లు. అక్కడ మూలచోటు వాళ్లది. అక్క పడుకున్న చోటినుంచే, తల కూడా ఎత్తకుండా, నీళ్లు కనిపించేవి. మిగతా మూడువందల యాభై రోజులూ ఆమె ఆ నీళ్ల గురించే మాట్లాడేది. ఆ ఏడు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకు వెళ్లింది.

మకాం కాపలాదారు వాళ్లను గేటు దగ్గరే ఆపి రూలు చదివి వినిపించాడు. "మనుషులు బండిలో లేనప్పుడు పైకప్పు ఎత్తి ఉండరాదు. చెరువుమీద గాలి లేస్తే గుడ్డ చిరుగుతుంది, పక్క బళ్లమీద పడుతుంది. నోటీసు మూడుసార్లు. మూడోదానికి చోటు రద్దు. మొహమాటాల్లేవు."

"భేష్!" అన్నాడు బావమరిది. అతనికి ఆ క్షణంలోనే కాపలాదారు అన్నదమ్ముడిలా కనిపించాడు.

"రాత్రంతా తిరిగి కాపలా కాస్తాను సార్. పొద్దున పదకొండింటికి పడుకుని నాలుగున్నరకు లేస్తాను. లేవగానే మొదట బళ్లే చూస్తాను," అన్నాడు కాపలాదారు. తర్వాత గొంతు మార్చి, "ఇవాళే కొత్త దిండు కొన్నాను. పోయిన నెలంతా నిద్రే లేదు," అని, మూలచోటు పక్కనే ఉన్న తన గదివైపు గర్వంగా చూశాడు.

మొదటిరోజు అందరూ పడవ ఎక్కడానికి వెళ్లారు. సాయంత్రం వచ్చేసరికి పైకప్పు ఆకాశంలో ఉంది, నోటీసు అద్దం మీద ఉంది.

"బావా, దించలేదా?"

"దించాలనే అనుకున్నానోయ్. ఇంతలో నేను..." అని బావ చెరువువైపు చూశాడు. వాక్యం అక్కడితో సరి.

"దిండు ఎలా ఉందండీ?" అని మాత్రం కాపలాదారును అడిగాడు.

"అద్భుతం సార్! పడుకుంటే నాలుగున్నరే!"

రెండోరోజు బావమరిది స్వయంగా పైకప్పు దించి, పట్టీలు బిగించి, ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు. పడవల రేవు చేరాక బావ జేబులు తడుముకున్నాడు. "కళ్లజోడు మరిచాను. ఇప్పుడే వస్తా." ఇరవై నిమిషాల్లో వచ్చాడు. కళ్లజోడు అంతసేపూ నెత్తిమీదే ఉంది. సాయంత్రానికి మళ్లీ పైకప్పు ఆకాశంలో, రెండో నోటీసు అద్దం మీద.

"ఎందుకెత్తావు బావా?"

"లోపల గాలి ఆడొద్దూ?"

పావుగంట తర్వాత అదే ప్రశ్న వేస్తే, "గుడ్డ ముక్కిన వాసన వస్తోంది," అన్నాడు. మంచం ఎక్కేముందు అడిగితే, "కప్పుకీ వ్యాయామం కావాలి కదోయ్," అన్నాడు. ఒకే తప్పుకు మూడు కారణాలు చెప్పేవాడి దగ్గర నాలుగోది దాగి ఉంటుందని ఫ్యాక్టరీ అనుభవం చెబుతోంది. ఆ నాలుగోది ఏమిటో తెలియక బావమరిదికి నిద్ర పట్టలేదు. ఎత్తిన కప్పు కింద, ఆ గుడ్డ గోడల మధ్య పడుకునేది కూడా అతనే.

పొద్దున్నే అక్క తమ్ముణ్ణి పక్కకు పిలిచింది. "ఒరేయ్, ఈ చోటు పోయిందంటే ఆయన్నేమీ అననురా. వచ్చే ఏడు ఆ అవతల, మరుగుదొడ్ల పక్కన చోటిస్తారు. అక్కణ్ణించి గోడ కనిపిస్తుంది. గోడ చూస్తూ పడుకుంటాను." అంతే అంది. బావమరిది బ్రెడ్డు తినడం ముగించి, జామ్ సీసా మూత కసిగా బిగించాడు. అక్క సీసావైపు చూసి, "నాకు జామ్ వద్దులే," అంది. వచ్చినప్పటినుంచి ఆమెకు జామ్ వద్దు.

మూడోరోజు బావమరిది కప్పు దించి, కళ్లజోడు తన జేబులోనే పెట్టుకుని, రోజంతా బావ చెయ్యి వదల్లేదు. పడవలో కూడా పెళ్లికొడుకును పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు. ఒంటిగంట దాటాక బావకు కాలు నిలవలేదు. సూర్యుణ్ణి చూస్తాడు, గడియారం చూస్తాడు, "అయ్యో" అంటాడు.

"ఏమిటి అయ్యో?"

"ఏం లేదోయ్. పాపం అతను..."

"ఎవరు?"

చేప ఒకటి ఎగిరింది. బావ చేపను చూశాడు. వాక్యం నీళ్లలో పడిపోయింది.

సాయంత్రం నోటీసు లేదు. విజయగర్వంతో బావమరిది కాపలాదారును పలకరించబోతే, అతను ఎర్రటి కళ్లతో దిండును కంచెమీద వేసి కర్రతో బాదుతున్నాడు.

"మోసం సార్! ఒంటిగంటనుంచి కన్ను మూస్తే ఒట్టు! నిన్నటిదాకా బంగారంలాంటి దిండు!"

బావ తలొంచుకుని వెళ్లిపోయాడు. బావమరిది తల మాత్రం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. కప్పు దించితే దిండు పాడవడమేమిటి?

నాలుగోరోజు బావకు కళ్లజోడు మళ్లీ గుర్తొచ్చింది. ఈసారి బావమరిది ఆపలేదు. ఒకటిన్నరకు, "అక్కా, నేను నా టోపీ మరిచాను," అని తనూ బయలుదేరాడు. అనుకున్నట్టే కప్పు లేచి ఉంది. లోపలికి దూరి, దించడానికి పట్టీ పట్టుకున్నాడు. అప్పుడు వ్యాను కిటికీలోంచి చూస్తే ఎదురుగా కాపలాదారు గది కిటికీ. కర్టెన్ లేదు. కిటికీ కింద కొత్తగా కొట్టేసిన చెట్టు మొద్దు. లోపల మంచం మీద, కొత్త దిండుమీద, కాపలాదారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఎత్తిన పైకప్పు నీడ దుప్పటిలా ఆ కిటికీనంతా కప్పేసింది.

బావమరిది పట్టీని జానెడు లాగాడు. ఎండ కాపలాదారు నుదుటి మీద పడింది. అతను చిరాగ్గా మూలిగాడు. వదిలాడు. నుదురు చల్లబడింది, గురక మళ్లీ అందుకుంది. ఇంకోసారి లాగాడు: మూలుగు. వదిలాడు: గురక. ఏ విషయాన్నైనా మూడుసార్లు పరీక్షించనిదే పాస్ చేయడం అతనికి అలవాటు లేదు గనక మూడోసారి కూడా లాగాడు. కాపలాదారు నిద్రలోనే ఎవరినో తిట్టాడు.

"చాలు, మనిషిని లేపేస్తావు," అంది వెనకనుంచి బావ గొంతు. మరిచానన్న టోపీ బావమరిది తలమీదే ఉంది.

"ఎన్నాళ్లనుంచి బావా?"

"వచ్చిన రోజే చూశానోయ్. నెల కిందట ఆ చెట్టు కొట్టేశారట. సరిగ్గా ముఖం మీద ఫోకస్ లైటు వేసినట్టు పడుతోంది ఎండ. నలభై ఏళ్లు అదే పని చేసినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేకపోయాను."

"కానీ దిండు వచ్చాక బాగుందన్నాడే!"

"దిండూ మనమూ ఒకేరోజు వచ్చాం."

"ఒక కర్టెన్ కొనివ్వకపోయావా?"

"అడిగాను. బళ్లవాళ్ల దగ్గర గుండుసూది కూడా పుచ్చుకోకూడదట, రూలు. ఆఫీసుకు రాశాడు. ఫైలు నడుస్తోందట."

"పోనీ, నీడ సంగతైనా చెప్పు! నోటీసు ఆపేస్తాడు."

"ఆపేస్తే అతని ఉద్యోగం ఏమవుతుంది? చెప్పానో, ఇంక నోటీసు రాయడానికి చెయ్యి రాదు, నా నీడలో పడుకోవడానికి మనసొప్పదు. రెండూ చెడతాయి. హాయిగా పడుకోనీ, లేచి హాయిగా నోటీసు రాసుకోనీ."

"మరి అక్క చోటు?"

బావ నోరు తెరిచాడు. చెరువువైపు చూడలేదు, ఎటూ చూడలేదు. ఈసారి వాక్యం నిజంగానే దొరకలేదు. "అదేనోయ్. మీ అక్క..."

బావమరిది జీవితంలో మొదటిసారి బావ వాక్యానికి మూత పెట్టాడు. నోటీసు కాగితం తీసి, వేలుపెట్టి మరీ చదివాడు. "మనుషులు బండిలో లేనప్పుడు. లేనప్పుడు కదా? నేనుంటాను. నువ్వెళ్లి అక్కను పడవెక్కించు."

"రోజూనా?"

"రోజూ. నాకా ఊగే పడవంటే మొదటినుంచీ కడుపులో తిప్పడమే."

నాలుగున్నరకు కాపలాదారు నోటీసు పుస్తకం పట్టుకుని, పువ్వులా విచ్చుకున్న మొహంతో వచ్చాడు. బండిలోంచి బావమరిది తల బయటికొచ్చింది.

"మీరున్నారా?" అన్నాడు కాపలాదారు, కొంచెం నిరాశగా. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "ఉంటే రూలు ఒప్పుకుంటుంది."

"రేపూ ఉంటాను, ఎల్లుండీ ఉంటాను. నిద్ర పట్టిందా?"

"పట్టకేం సార్! కిటుకు కనిపెట్టాను. దిండు తిరగేశాను!"

మర్నాడు పొద్దున బావమరిది బ్రెడ్డుకు జామ్ రాసుకుని, మూత బిగించబోతూ ఆగాడు. అక్క చేతివేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. ఎన్నాళ్లనుంచో అలాగే ఉండి ఉంటాయి. అతను మూతను ఊరికే సీసామీద బోర్లించి ఆమెవైపు జరిపాడు. అక్క మూత ఎత్తి, నాలుగురోజుల జామ్ ఒకేసారి రాసుకుంది.

బావమరిది కళ్లు బావవైపు తిరిగాయి. కొత్త మతం పుచ్చుకున్నవాడిలా అతని మొహం వెలిగిపోతోంది. "బావా! ఇంట్లో ఎప్పుడూ తెరిచుండే ఆ బీరువా తలుపులు?"

"మీ అక్కకు ఆ గొళ్లేం తిరగదోయ్."

"మరి పెన్నుల టోపీలు? టూత్‌పేస్టు? అవి ఎవరికోసం?"

బావ నీళ్ల సీసా మూత తీశాడు.

"అది మాత్రం బద్ధకం," అని, నీళ్లు తాగి, సీసాకు మూత పెట్టకుండా లేచి వెళ్లిపోయాడు.