ఆయమ్మ నూనె సీసా

మా బడి ఆయమ్మ పోయిందని సోమవారం ప్రార్థన వేళ తెలిసింది. వంటచేసే ఆమె గేటు దగ్గరే ఆగి, "ఆయమ్మ ఇక రాదండీ టీచరుగారూ, పోయిందంట" అంది. నాకు ఏడుపు రాలేదు. ఏ మొహం పెట్టుకుని ఏడవను?

గదులు ఊడవడం, నీళ్లు పట్టడం ఆమె పని. చదువు రాదు గానీ, నేను పేర్లు పిలవకముందే ఆ రోజు ఎవరు రాలేదో చెప్పేది. "కడుపు చూసి కోప్పడండమ్మా" అనేది. అంటే, పిల్ల తిన్నదో లేదో కనుక్కోకుండా అరవొద్దని.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సంగతి. మిరప కోతల రోజులు. రెండో తరగతి పిల్ల ఒకతె క్షణం కుదురుగా లేదు. అరచేతులు బల్లకేసి రుద్దుతుంది, ఏడుస్తుంది, పట్టుకోబోతే తంతుంది. "ఏమే, దయ్యం పట్టిందా!" అంటూ నా చున్నీతోనే దాని చేతులు కట్టేసి, ఆటసామాన్ల గదిలో పెట్టి గడియ వేశాను. వచ్చి పాఠం కూడా చెప్పాను. ఎంత రాతిగుండె!

గడియ తీసింది ఆయమ్మే. కట్లు విప్పి ఆ చేతులు వాసన చూసింది. "పొద్దున అమ్మతో చేలోకెళ్లి కాయలు కోసొచ్చింది టీచరమ్మా. చేతులు కట్టేస్తే మంట ఎటు పోద్ది?" అంటూ కొబ్బరినూనె రాసింది.

మిరప రైతు కూతుర్ని నేను. ఆ మంటకు మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చున్నదాన్ని. నాకు తెలియదా? అడగాలని తోచలేదు, అంతే. అది చాలదన్నట్టు, నన్ను కాదని గడియ తీసిందని హెడ్మాస్టరుగారికి చెప్పాను. ఆయన అందరి ముందూ కేకలేశారు. ఆమె కొంగు సవరించుకుని, "తప్పయిపోయిందండీ" అంది. ఆ మాట అనాల్సింది నేను.

తర్వాత ఎన్నేళ్లు కలిసి పనిచేశామో! ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. కోతలు మొదలవగానే నూనె సీసా నా బల్ల మీద పెట్టి, "పిల్లల చేతులు చూడండి టీచరమ్మా" అనేది. నేను మళ్లీ ఏ పిల్లనీ కట్టలేదు, గదిలో పెట్టలేదు. క్షమించమని మాత్రం అడగలేదు. రేపు అడుగుదాంలే అనుకుంటూ రోజులు పోనిచ్చాను. ఆమె మీద మట్టి వేసేటప్పుడు నోటిదాకా వచ్చింది. ఎవరితో అనను? అందుకే సిగ్గు విడిచి మీతో చెప్పుకుంటున్నాను.

ఇప్పుడు మళ్లీ కోతలే. ఈసారి సీసా నేనే తెచ్చుకున్నాను. నిన్న, కొత్తగా చేరిన పిల్ల ఒకతె ఏడుస్తూ కళ్లు నులుముకుంటుంటే దగ్గరకు పిలిచి, "చేతులు చూపించమ్మా" అన్నాను.

అది రెండు అరచేతులూ ముందుకు చాచి, కళ్లు గట్టిగా మూసుకుని, దెబ్బ కోసం నిలబడింది.