పొగమంచులో బ్యాండు మేళం

ఆ పొద్దున యానాం నుంచి బయలుదేరిన మా బస్సు పొగమంచులో మెల్లగా పోతోంది. డ్రైవరు ఆపకుండా హారన్ కొడుతున్నాడు. నేను విసుగెత్తి, "ఇక చాలించవయ్యా!" అని అరిచాను.

పక్క సీట్లోని పెద్దాయన నా చేతి మీద చెయ్యి వేశాడు.

"కొట్టనివ్వండి బాబూ. ఎదురొచ్చేవాడికి వినపడాలి కదండీ."

ఆయనది సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఆ ఊరికి సొంత బ్యాండు మేళం ఉండేదట. పెళ్ళిళ్ళకు వాయించేవాళ్ళు. మంచు పట్టిన రోజు మాత్రం ఒడ్డున నిలబడి, వేటకెళ్ళిన పడవలన్నీ చేరేదాకా వాయించేవాళ్ళు. ఆ మోత వినపడే వైపుకే పడవలు తిప్పుకునేవారట.

"బాకా నేనే ఊదేవాణ్ణండి. ఓసారి రామచంద్రపురంలో పెళ్ళికని మేళమంతా వెళ్ళిపోయాం. ఆ తెల్లారే మంచు కమ్మేసింది. మా తమ్ముడి పడవ రాలేదు."

"మీరు మటుకు ఏం చేస్తారండీ..." అన్నాను.

"ఊళ్ళో ఎవరూ మమ్మల్ని ఒక్క మాటనలేదండి. మళ్ళీ వాయించమని కూడా అనలేదు."

ద్రాక్షారామం దాటాక మంచు విడిపోయింది. హారన్ ఆగింది. బస్సులో అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆయన మాత్రం కిటికీ అద్దం జరిపి, బయటికి చెవి పెట్టి కూర్చున్నాడు.