మొదటి పేజీ మామయ్యది

మా మామయ్యకి ఒకటే జబ్బు. కొత్త స్కెచ్ బుక్ కనబడితే మొదటి పేజీ పాడుచేయకుండా ఉండలేడు. చెవి మీదున్న పెన్సిల్ తీసి, టకటకా ఒక దిక్కుమాలిన జంతువుని గీసి, పుస్తకం మూసి, ఏమీ ఎరగనట్టు నవ్వుతూ చేతికిస్తాడు. సొంత పుస్తకమైతే ఎవరికీ పేచీ లేదు. అది అప్పుడే డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళది.

మామయ్యది బొమ్మలు గీసేవాళ్ళ సామాను అమ్మే కొట్టు. కళ్ళజోళ్ళ షాపుకీ, తాళంచెవులు చేసేవాడి బల్లకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఇద్దరు లోపలికొస్తే మూడోవాడు గుమ్మం బయట నిలబడి చెయ్యి చాపాల్సిందే. అక్కడ దొరికేదంతా చవక సరుకు. ఎవరైనా ఖరీదైనదేదో అడిగితే మామయ్య మొహం మాడ్చుకుంటాడు.

"రంగులు కలుపుకోవడానికి పాలెట్ ఎందుకండీ దండగ? మీ ఇంట్లో అంచు విరిగిన పింగాణీ పళ్ళెం లేదూ?"

"ఉందనుకోండి..."

"అదే పాలెట్. బ్రష్ తుడవడానికి ప్రత్యేకం గుడ్డ కూడా వద్దు. మీ ఆయన పాత బనియను చాలు. ఆయన్ని అడక్కుండా తీసుకోండి."

ఇలా పాలెట్ అమ్మకుండా పంపిస్తాడా, పోనీ పుణ్యాత్ముడు అనుకునేలోపు ఆవిడ కొన్న పుస్తకంలో జంతువు దిగిపోతుంది.

ఆ జంతువు గురించి చెప్పాలి. కుడివైపు నుంచి చూస్తే మేక. ఎడమవైపు నుంచి చూస్తే మూత పోయిన టీ కెటిల్. కాళ్ళు ఒకసారి మూడుంటాయి, ఒకసారి ఐదుంటాయి, నాలుగు మాత్రం చచ్చినా ఉండవు. కళ్ళు రెండూ ముక్కుకి ఒకే పక్కన. ఇన్ని అవస్థల్లోనూ అది నవ్వుతూ ఉంటుంది. అదే ఒళ్ళు మండే సంగతి.

"ఏంటండీ ఇది?"

"మీకేమనిపిస్తోంది?"

"కుక్కా?"

"కుక్కే."

"గుర్రం అనిపిస్తేనో?"

"అయితే గుర్రమే. నాకేం పట్టింపు లేదు."

ఒకసారి మా వీధి చివర పళ్ళ డాక్టరుగారు వచ్చారు. కొట్టులో ఉన్నవాటిలోకెల్లా మంచి పుస్తకం ఏరుకున్నారు. డబ్బిచ్చి, అటు తిరిగి గొడుగు తీసుకుని, ఇటు తిరిగేసరికి పని అయిపోయింది.

"ఏమయ్యా! నా పుస్తకాన్ని ఏం చేశావు?"

"మొదటి పేజీ అయిపోయిందండీ. మిగతావన్నీ మీవే."

"అయిపోవడమేంటి, నేనింకా తెరవందే!"

"మీరు తెరిచేలా లేరనే."

"నోరు మూసుకుని వేరేది ఇయ్యి!"

మామయ్య నోరు మూసుకుని వేరేది తీశాడు. పైనున్న కవరు చించాడు. డాక్టరుగారు చెయ్యి అడ్డంపెట్టేలోపే దాన్నీ కానిచ్చేశాడు. ఈసారి జంతువుకి పళ్ళు కూడా పెట్టాడు, ఒకటి పుచ్చిపోయింది. డాక్టరుగారు దాన్నే చంకలో పెట్టుకుని మెట్లు దిగుతూ ఒకే మాట అన్నారు.

"నీ పన్ను ఎప్పుడో ఒకప్పుడు నా చేతికి రాకపోదు."

ఆ రోజు నుంచి మామయ్య మూడుపూటలా పళ్ళు తోముకుంటున్నాడు.

కాగితం లేకపోతే బతికిపోతాం అనుకున్నవాళ్ళూ ఉన్నారు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఎవరిదో వాడేసిన డ్రాయింగ్ ట్యాబ్లెట్ చవగ్గా సంపాదించి, అందులో బొమ్మల సాఫ్ట్‌వేర్ వేసిపెట్టమని తెచ్చింది. మామయ్య పైసా అక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి వేశాడు. బ్రష్షులు సర్ది, పెన్ను నొక్కితే గీత ఎలా లావవుతుందో, లేయర్లనే పొరలు ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చుకోవాలో ఓపిగ్గా నేర్పాడు. ఆవిడ దండం పెట్టి వెళ్ళింది. రెండ్రోజుల తర్వాత పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అన్నయ్యగారూ, కొత్త ఫైలు తెరిస్తే చాలు, అది నవ్వుతోంది!"

"అడుగు లేయర్లో పెట్టానమ్మా. పక్కన కన్ను గుర్తు ఉంటుంది, నొక్కితే మాయమైపోతుంది."

"మాయం చేయడానికి పెట్టడం దేనికండీ?"

"నొక్కాలంటే చెయ్యి కదపాలి కదా."

"నిన్న ఆఫీసు మీటింగులో పొరపాటున పెద్ద తెర మీద తెరుచుకుంది. మా మేనేజరు తన బొమ్మే గీశాననుకుని నాతో మాట్లాడటం మానేశాడు!"

"మరి మీకు లాభమే కదమ్మా?"

ఆవిడ కాసేపు ఆలోచించి, లాభమే అని ఒప్పుకుని వెళ్ళింది.

ఈ జబ్బు కుదర్చాలని నేను చేయని ప్రయత్నం లేదు. చెవి మీద పెన్సిల్ తీసి తెల్ల పెన్సిల్ పెట్టాను. నల్లకాగితం పుస్తకం తీసి దాంతో గీశాడు. పుస్తకాలన్నీ తిరగేసి సర్దాను. చివరి పేజీలో గీసి, తప్పు తెలుసుకుని, న్యాయం చేయాలని మొదటి పేజీలో కూడా గీశాడు. ఆఖరికి నేనే అన్నిటిలోనూ ఆ జంతువుని ముందే గీసిపెట్టాను. మామయ్య ఒకటి తెరిచి చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేశాడు.

"ఒరేయ్ వెధవా, ఆ మూడోకాలు ఎంత వంకరగా వచ్చిందిరా! నీలో విషయం ఉంది."

అని మెచ్చుకుని, రెండో పేజీ తిప్పాడు.

ఇలా ఉండగా ఎదురుగా షోరూమ్ వెలిసింది. రెండంతస్తులు, ఏసీ, అద్దాల తలుపు, తలుపు తీయడానికి ఒక మనిషి. దూరదేశాల రంగులు, వెల్వెట్ పెట్టెల్లో బ్రష్షులు. ఓనరు సూటు వేసుకుని గుమ్మంలో నిలబడి, మా కొట్టు వైపు చూసి మరీ బోర్డు పెట్టించాడు: 'మా పుస్తకాల్లో ప్రతి పేజీ తెల్లగా ఉండును.'

ఆ షోరూముకి మొదటి గిరాకీ ఎవరో తెలుసా? మా అక్క.

అక్క ఆస్పత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. ఎంత ఏడ్చే పిల్లాడైనా సరే, సూది దిగిందని వాడికి తెలిసేలోపు పని ముగించి, దూది మీద అంటించిన పట్టీ మీద పెన్నుతో ఒక కుందేల్ని గీసిపెడుతుంది. వాడు ఏడుపు ఆపి కుందేలుతో మాట్లాడుకుంటూ వెళ్ళిపోతాడు. మందుల డబ్బాలు, పాత కవర్లు, కరెంటు బిల్లు వెనకాల, ఎక్కడ పడితే అక్కడ గీస్తుంది. ఒక్క తెల్లకాగితం మీద తప్ప. కొత్త పుస్తకం ముందు కూర్చుంటే ఆ సూది పట్టుకున్న చెయ్యే పెన్సిల్ ఆనించడానికి జంకుతుంది. పైగా మామయ్య చేతిలో పడకుండా పుస్తకాలు దొంగచాటుగా బయట కొంటుంది. అలమర నిండా ఉన్నాయి. అన్నీ పెళ్ళికూతుళ్ళలా తెల్లగా మెరిసిపోతూ, ఒక్కదానికీ గీత పడలేదు.

ఆ షోరూమ్ వాళ్ళే ఒక పోటీ పెట్టారు. సరదాగా బొమ్మలు గీసేవాళ్ళు ఎవరైనా రావచ్చు. పిల్లల పుస్తకాలు వేసే ఒక పబ్లిషరమ్మ వచ్చి, ఒకరిని ఎంచుకుని, ఒక పుస్తకం మొత్తానికి బొమ్మలు వాళ్ళ చేత వేయిస్తుంది. అక్క ఆ కాగితం తెచ్చుకుని దిండు కింద పెట్టుకుంది.

"ఒరేయ్, ఇది కూడా చేతకాకపోతే ఇక పెన్సిల్ ముట్టుకోన్రా" అంది నాతో. హాస్యానికి కాదు. అక్క అన్నదంటే చేస్తుంది. ఇదివరకు అలాగే వీణ మానేసింది.

పోటీ రోజు షోరూమ్ పైఅంతస్తు చూడాలి. తళతళలాడే బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక్కో కాగితం. ఎంత ఖరీదైన కాగితమో ఓనరు మైకులో చెప్పాడు. చేత్తో తయారైందన్నాడు, ఓడలో వచ్చిందన్నాడు. "మనిషికి ఒక్కటే. చెడిపోతే రెండోది లేదు. మొదలుపెట్టండి" అన్నాడు.

ఒక్కరూ మొదలుపెట్టలేదు.

హాలంతా పరీక్ష హాలులా బిగుసుకుపోయింది. డాక్టరుగారు పెన్సిల్ చెక్కుతున్నారు, చెక్కుతూనే ఉన్నారు, అది అగ్గిపుల్లంత అయింది. బ్యాంకు ఆవిడ కాగితానికి కన్ను గుర్తు ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు అంచులు తడుముతోంది. కిటికీ దగ్గర ఒకాయన కళ్ళు మూసుకుని ధ్యానంలోకి వెళ్ళి, అటునుంచి అటే నిద్రలోకి వెళ్ళాడు. మా అక్క కాగితం వంక చూస్తోంది. మొహంలో నెత్తుటిచుక్క లేదు. పబ్లిషరమ్మ వెనకాల కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటోంది.

నేనూ మామయ్యా గుమ్మం బయట నిలబడ్డాం. మామయ్యని లోపలికి రానివ్వద్దని ఓనరు ముందే చెప్పి ఉంచాడు. అన్ని తెల్లకాగితాలు ఒకేచోట చూసి మామయ్యకి వేళ్ళు దురద పెడుతున్నాయి. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు, పాపం.

అప్పుడు డాక్టరుగారు గుమ్మం వైపు తిరిగి, గొంతు తగ్గించి పిలిచారు.

"ఏమయ్యా... ఇలా రా."

"నేనా?"

"నువ్వే. కొంచెం నా కాగితం పాడుచేసి పెట్టు."

"డాక్టరుగారూ!"

"తొందరగా! అప్పుడు నువ్వు పాడుచేసిన పుస్తకం ఎప్పుడో నిండిపోయింది. తర్వాత ఈ షోరూములో కొన్నది ఇప్పటిదాకా తెరవలేదయ్యా!"

ఓనరుని పంపించడం నా వంతు. దగ్గరికెళ్ళి, "సార్, కింద ఎవరో వెల్వెట్ పెట్టెలు ఎన్నుంటే అన్నీ కావాలంటున్నారు" అన్నాను. సూటు ఎగిరిపోతుంటే మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

మామయ్య లోపలికి దూకాడు. డాక్టరుగారి కాగితం మూల ఒక జంతువు. ఆయన "హమ్మయ్య" అని పని మొదలుపెట్టారు. "అన్నయ్యగారూ, నాకు!" అంది బ్యాంకు ఆవిడ. "ఇటు కూడా!" "మాకు రెండు కాళ్ళు ఎక్కువ వెయ్యండి!" మామయ్య పెళ్ళిపందిట్లో వడ్డించేవాడిలా వరసలెంట పరిగెడుతున్నాడు. నిద్రపోతున్న ఆయన్ని కూడా వదల్లేదు. వెళ్ళిన చోటల్లా గీతల చప్పుడు మొదలవుతోంది.

చివరి బల్ల అక్కది. అక్క రెండు చేతులూ కాగితం మీద కప్పేసింది.

"వద్దు మామయ్యా, నీకు దండం పెడతాను! ఇది పోతే నాకు ఇంకోటి లేదు!"

"చెయ్యి తియ్యి తల్లీ."

"వద్దన్నానా!"

"ఓనరు వచ్చేస్తాడే! చెయ్యి తియ్యి!"

కింద మెట్ల మీద బూట్ల చప్పుడు. మామయ్య కంగారుగా, అక్క వేళ్ళ సందులో దొరికిన కాస్త జాగాలో పెన్సిల్ ఆనించి, మూడు గీతలు గీశాడు.

మేమందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. కాగితం మీద ఒక పిట్ట వాలింది. బొమ్మ అనడానికి లేదు, పిట్టే. మెడ తిప్పి, ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరిపోయేలా ఉంది.

మామయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"అయ్యయ్యో! బాగా వచ్చేసిందే!"

గబగబా దానికి ఇంకో మూడు కాళ్ళు తగిలించి, కళ్ళు రెండూ ఒక పక్కకి లాగి, ముక్కు వంకర తిప్పి, చెమట తుడుచుకున్నాడు. అక్క అతని మొహంలోకి చూస్తోంది.

"మామయ్యా, నీకు బొమ్మలు గీయడం వచ్చా?"

"నోర్ముయ్."

"ఇన్నాళ్ళూ కావాలనే..."

"నేను బాగా గీస్తే నువ్వు భయపడి చస్తావు. నా కన్నా ఘోరంగా గీయడం మాత్రం నీ వల్ల కాదు. ఇక నీ ఇష్టం."

అక్క ఫక్కున నవ్వింది. పెన్సిల్ తీసుకుంది. ఆ ఐదుకాళ్ళ పిట్టని తీసుకెళ్ళి చెప్పుల దుకాణంలో కూర్చోబెట్టింది. చుట్టూ పెట్టెల గుట్ట, జత కుదరక తల పట్టుకున్న దుకాణదారు, అద్దంలో తన ఐదో కాలు చూసుకుని మురిసిపోతున్న పిట్ట. నేను పక్కన నిలబడితే మోచేత్తో పొడిచి "వెలుతురుకి అడ్డం తప్పుకోరా" అంది. అంత దర్జాగా అక్క నన్ను ఎప్పుడూ కసరలేదు.

ఓనరు వచ్చి గావుకేక పెట్టాడు.

"కాగితాలన్నీ పాడుచేశారు! పోటీ రద్దు!"

పబ్లిషరమ్మ లేచి ఒక్కో బల్లా చూసుకుంటూ వచ్చింది. అక్క బల్ల దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూసి, నవ్వాపుకోలేక పక్క బల్ల పట్టుకుంది.

"రద్దు చేసి ఎవరికిద్దామండీ, ఓడలో వచ్చిన కాగితానికా?" అని ఓనరుని అడిగి, అక్క వైపు తిరిగింది. "అమ్మాయ్, ఈ పిట్టకి చివరికి చెప్పులు దొరుకుతాయా?"

"దొరుకుతాయి మేడమ్. కానీ ఐదోది కుట్టేసరికి ఆరో కాలు మొలుస్తుంది."

"అయితే అదే పుస్తకం. రేపే వచ్చి ఒప్పందం కాగితాల మీద సంతకం పెట్టు."

హాలు హాలంతా చప్పట్లు. డాక్టరుగారు ఈల వేశారు. పళ్ళు బాగున్నాయి కదా, బాగా మోగింది. అక్క మామయ్య మెడ పట్టుకుని వేలాడింది. నిద్రపోయినాయన లేచి, తన కాగితం మీద జంతువుని చూసి, తనే గీశాననుకుని చాలా సంతోషించాడు.

మర్నాడు పొద్దున కొట్టు షటరు ఎత్తేసరికి బయట వరస కట్టి ఉన్నారు. పుస్తకాలు, ట్యాబ్లెట్లు, ఒకావిడ తెల్లటి గొడుగు కూడా తెచ్చింది. మామయ్య మహారాజులా కూర్చుని ఒక్కోటీ పాడుచేస్తున్నాడు. అందరూ వెళ్ళిపోయాక సూటు వేసుకున్న మనిషి ఒకడు అటూ ఇటూ చూసుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. కోటు లోపలి నుంచి అంచులు పసుపెక్కిన పాత స్కెచ్ బుక్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. లోపల ఒక్క గీత లేదు.

"కాలేజీలో ఉన్నప్పుడు కొన్నానండీ" అన్నాడు షోరూమ్ ఓనరు, నేల చూపులు చూస్తూ. "కొంచెం ఎక్కువ పాడుచేయండి. నాకు భయం మరీ ఎక్కువ."

మామయ్య కుర్చీ ముందుకి జరుపుకుని, చొక్కా చేతులు మడిచాడు.