మందస కొండ మీద నన్ను ఈడ్చిన చెయ్యి

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునే మనిషిని నేను. మాది టెక్కలి. నాన్న బాప్టిస్టు సంఘంలో పెద్ద. గాలి సోకింది, ధూళి పట్టింది లాంటి మాటలు మా గుమ్మం లోపలికి రానిచ్చేవారు కాదు. తీరా పెద్దయ్యాక నా చదువంతా గాలీ ధూళీ మీదే సాగింది. నేను వాతావరణ శాస్త్రవేత్తను. కొండల మీద గాలి ఎలా తిరుగుతుంది, మబ్బు ఎలా కడుతుంది అన్నది నా పని.

ఉద్యోగంలో మొదటి సంవత్సరాలన్నీ హిమాలయాల్లో గడిచాయి. ఒకసారి మంచు గాలికి మేమున్న రేకుల గది కప్పు ఎగిరిపోయింది. ఇంకోసారి నా కళ్ళ ముందే దారంతా లోయలోకి జారిపోయింది. భయపడ్డాను. కానీ జరిగింది ఎందుకు జరిగిందో ప్రతిసారీ చెప్పగలిగాను.

తర్వాత పెద్ద తుఫాను వచ్చి మా తీరాన కొబ్బరితోటల సీమ ఉద్దానాన్ని తుడిచిపెట్టింది. కవిటిలో మా అమ్మమ్మ వాళ్ళ తోటలో ఒక్క కొబ్బరిచెట్టు మిగల్లేదు. ఆ పడిపోయిన చెట్ల మధ్య నిలబడే మా పై అధికారికి ఫోన్ చేశాను. ఇకమీద మా కొండల మీద పని చేస్తానని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో సముద్రపు గాలి ఉద్దానం మీదుగా వచ్చి మందస వెనకున్న కొండలకు కొట్టుకుంటుంది. అక్కడి నుంచి పైకి లేచి చూస్తుండగానే నల్లటి మబ్బవుతుంది. అదే మబ్బు మళ్ళీ తోటల మీద విరుచుకుపడుతుంది. ఏటా పిడుగులకు మనుషులు పోతూనే ఉన్నారు. కాస్త ముందే పసిగట్టి వాళ్ళకు చెప్పగలమా అన్నదే నా ప్రయత్నం. అందుకే ఆ కొండ నడుము మీద ఒక ఇనుప స్తంభం పాతి పరికరాలు బిగించాం. గాలి వేగం, దిక్కు, వేడి, తేమ అన్నీ అది నమోదు చేసుకుంటుంది.

ఆ రోజు దానికి బ్యాటరీ మార్చాలని వెళ్ళాను. జీపు నడిపింది రత్నం బావ, మా అక్క భర్త. జీపును కింద జీడితోట దగ్గర ఆపి ఇద్దరం ఎక్కాం. తీరా పైకి వెళ్ళాక స్పానర్ జీపులోనే ఉండిపోయిందని గుర్తొచ్చింది. తెస్తానని బావ కిందికి దిగాడు.

అతను తోట చేరేలోపే వాన పట్టుకుంది. ఆ వేళ మబ్బు మైదానం మీదే కట్టి కొండకు ఎదురుగా వచ్చింది. ముందు గాలి, వెంటనే వడగళ్ళు. మొదట చింతగింజలంత పడ్డాయి, తర్వాత నిమ్మకాయలంత. నెత్తి పగిలి రక్తం కళ్ళలోకి కారింది. స్తంభం పక్కన పెద్ద బండ ఒకటి ముందుకు వాలి ఉంది. దాని కింద దూరాను. పిడుగులు పడేటప్పుడు అలాంటి చోట కూర్చోకూడదని నాకు తెలుసు. కానీ బయట నిలబడితే ఆ వడగళ్ళే చంపేసేలా ఉన్నాయి.

అప్పుడు ఎవరో నా జుట్టు పట్టుకున్నారు.

బావేమో అనుకున్నాను. "బావా, వదులు!" అని అరిచాను. వదల్లేదు. ఒక్క గుంజు గుంజేసరికి నా తల బండ అంచుకు కొట్టుకుంది. ఇంకో చెయ్యి నా మణికట్టు పట్టి మెలితిప్పింది. నన్ను బయటికి లాగి, వాలు మీద బోర్లా ఈడ్చుకుంటూ తీసుకుపోయింది. రాళ్ళ మీద, ముళ్ళ మీద. మోకాళ్ళ మీద చర్మం లేచిపోయింది. పక్కటెముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

కాళ్ళతో తన్నాను. చేతికందిన వేరు ఒకటి గట్టిగా పట్టుకున్నాను. నా చేతివేళ్ళ మీద దెబ్బ పడింది. పట్టు జారింది. వీడెవడో నన్ను చంపడానికే తీసుకెళ్తున్నాడని అనుకున్నాను. కళ్ళ నిండా రక్తం, మనిషి కనిపించలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. పరుగెత్తి అలిసిపోయిన మగవాడి ఊపిరి, నా చెవి పక్కనే.

ఉన్నట్టుండి ఆ చెయ్యి వదిలేసింది. తల ఎత్తబోయాను. లోకమంతా తెల్లబడిపోయింది. చప్పుడు విన్న గుర్తు లేదు. నేల నా కింద ఎగిరిపడినట్టయింది.

తర్వాత ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి పట్టుకొని కసిగా కొరికేశాను.

"కరుణా! నానే, మీ బావని! ఓసారి కళ్ళు తెరిసి సూడు!"

అప్పుడు కూడా వెంటనే వదల్లేదట.

బావ పలాసలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ నా గాయాలు చూసి అతన్ని బయటికి పంపేసింది. నా మణికట్టు మీద వేళ్ళ అచ్చులు నీలంగా తేలి ఉన్నాయి. తలలో ఒక చోట జుట్టు కుదుళ్ళతో సహా ఊడిపోయింది.

"ఎవరు కొట్టారమ్మా? భయపడకు. బయటున్న ఆయనేనా?" అని అడిగింది.

కాదన్నాను. ఆమె నమ్మలేదు. ఎవరు నమ్ముతారు? కొండ మీద ఉన్నది మేమిద్దరమే. అతని చేతి మీద నా పళ్ళ గాట్ల నుంచి రక్తం కారుతోంది. పోలీసులకు కబురెళ్ళింది. అక్క పరుగున వచ్చింది. బావ చెయ్యి చూసింది, నన్ను చూసింది. ఆ చూపు బావ ఇప్పటికీ మర్చిపోలేదు.

"నాను ముట్టలేదే" అని అక్కతో ఒక్క మాట అన్నాడు. వాన పడ్డంతసేపూ కింద తోటలోనే ఉన్నానన్నా పోలీసులు నమ్మలేదు. ఆ రాత్రంతా అతన్ని ఆసుపత్రి వరండాలో కానిస్టేబుల్ పక్కనే కూర్చోబెట్టారు.

మర్నాడు పొద్దున్న పోలమ్మ అనే ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ తోటలో జీడిపిక్కలు ఏరే మనిషి. వాన మొదలవగానే తోటలో ఉన్న ఆడవాళ్ళందరూ కాపలా పాకలోకి చేరారు. బావ కూడా అక్కడే తలదాచుకున్నాడు. నేను పడిపోయేవరకు అతను ఆ పాక దాటలేదని పోలమ్మ కానిస్టేబుల్‌కు చెప్పింది. తర్వాత అడిగితే మిగతా ఆడవాళ్ళు కూడా అదే చెప్పారు. అక్క అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

పోలమ్మ ఇంకా చెప్పింది. "ఈ బాబు నా పక్కనే ఉన్నాడు. నానే అరిసినాను. ఓలమ్మో, ఆ పిల్లని ఎవుడో జుట్టట్టుకొని ఈడ్సుకొత్తన్నాడు, సూడు బాబూ అని."

బావ చూశాడు. అతనికి వాలు మీద నేనొక్కదాన్నే కనిపించాను. మిగతావాళ్ళకు వడగళ్ళ తెరలో ఏమీ కనిపించలేదు.

"ఎవుడాడు?" అన్నాడు కానిస్టేబుల్.

"మొకం అగుపడనేదు. ఆ పిల్లని ఆడ ఒగ్గేసి మల్లీ పైకే లగెత్తినాడు బాబూ. పైన ఇంకెవులో ఉండిపోనట్టు. అప్పుడే పిడుగు పడిపోనాది."

ఆమె మాట మీద ముందు రోజు సాయంత్రమే ఊరి మగవాళ్ళు వానలో కొండంతా గాలించారట. బండ రెండుగా చీలి ఉంది. ఇనుప స్తంభం వంగిపోయి ఉంది. మనిషి లేడు, శవం లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో, పైనున్న సవర గూడేల్లో కూడా తప్పిపోయినవాళ్ళెవరూ లేరు.

నా శాస్త్రంతో నేను చేయగలిగిందంతా చేశాను. పిడుగు మనిషిని ఎగరేసి పారేస్తుంది, నిజమే. కానీ నన్ను ఈడ్చడం అయిపోయాకే అది పడింది. గాలి నెట్టిందనుకుందామంటే, కాలిన స్తంభంలో మిగిలిన వివరాలు చూశాను. పిడుగు పడే క్షణం దాకా గాలి కింది నుంచి పైకి వీస్తోంది. నన్ను పట్టుకున్నది పై నుంచి కిందికి ఈడ్చింది. తల దెబ్బకు ఏదో ఊహించుకున్నాననుకుందామా? ఆ ఊహ పోలమ్మకు ఎలా కనిపించింది?

నిన్ను ఎవరో కాపాడారని అందరూ అంటారు. నాన్న కూడా దేవదూత అన్నారు. కావచ్చు. కానీ ఆ చేతుల్లో దయ లేదు. ఇప్పటికీ చలి పట్టినప్పుడు ఆ మణికట్టు లాగుతుంది.

ఆ వాలు మీదే, కాస్త దిగువన కొత్త స్తంభం పెట్టాం. దాని పని మీద వెళ్ళినప్పుడల్లా తోటలో పోలమ్మ కనిపిస్తుంది. మొన్న కూడా అదే అడిగింది.

"ఆ రెండో మడిసి దొరికినాడేటమ్మా?"

"పైన ఇంకెవరూ లేరు పోలమ్మా. నేనొక్కదాన్నే ఉన్నాను" అన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. గంప దించి నా మొహంలోకి చూసింది.

"ఎవులూ నేకపోతే ఆడు మల్లీ పైకెందుకెల్తాడు?"